కత్తికి ఏ ఇనుము: అరకు కొండల్లో ఒక కొలిమి ఉద్యోగం

మెటలర్జీ చదివి కత్తుల కొలిమిలో ఉద్యోగం చేసినవాణ్ణి మా క్లాసులో నేనొక్కణ్ణే. మిగతావాళ్ళు పెద్ద పెద్ద ఉక్కు కర్మాగారాల్లోకి వెళ్ళారు. అక్కడ ఒక పూట పోసిన ఉక్కుతో నేను జీవితాంతం కత్తులు చేయించినా సగం మిగిలిపోయేది. ఎప్పుడైనా కలిస్తే వాళ్ళు తమ ప్లాంటు సామర్థ్యం గురించి చెప్తారు. నేను వాళ్ళ వంటింట్లో కత్తి తెగుతోందా అని అడుగుతాను. ఇంతవరకూ ఎవరి ఇంట్లోనూ తెగడం లేదు.

కొండ ప్రాంతాల్లో చేతిపనుల కేంద్రాలలో కొత్తగా చేరే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. రాయాలంటే ముందు అవి రావాలి. ఫైళ్ళ గురించి కూడా రాయను, అవి మీకు ఎలాగూ మొదటిరోజే పరిచయమవుతాయి. ఏ ఇనుముతో ఏ కత్తి వస్తుందో, రాకపోతే దాని బరువు ఎవరి మీద పడుతుందో, అదొక్కటే చెప్తాను. ఓపిక కూడా అంతకే ఉంది.

సంతలో దొరికేది

ప్రభుత్వం కమ్మరుల కోసం పెట్టిన మా షెడ్డు డుంబ్రిగుడకు కొంచెం అవతల, రోడ్డు పక్కన ఉండేది. రెండు కొలిములు, కరెంటు ఉన్నప్పుడు తిరిగే ఒక గ్రైండరు, ఒక పవర్ హ్యామర్. ఆ హ్యామర్ నేను చేరకముందే చెడిపోయింది, షెడ్డు మూసేవరకూ చెడిపోయే ఉంది. మా దగ్గర అంత నిలకడ మరి దేనికీ లేదు.

మీరు చదివిన పుస్తకంలో ప్రతి ఉక్కుకూ ఒక నంబరు ఉంటుంది. సంతలో తుక్కు అమ్మేవాడి గోనెపట్టా మీద ఏ నంబరూ ఉండదు. అది ఇంతకుముందు ఏ పని చేసిందో చూసి, ఇక ముందు ఏ పని చేయగలదో మీరే ఊహించాలి.

లారీ కమాను పట్టీ ఒక్కటి బాగా తెలిస్తే సగం ఉద్యోగం వచ్చినట్టే. కొడవలికి, కొమ్మలు నరికే కత్తికి, గొడ్డలి నోటికి, దేనికైనా సరిపోతుంది. వంగుతుంది గాని విరగదు. మొద్దుబారినా రాయి మీద నాలుగు రుద్దులకు లొంగుతుంది. ఘాట్ రోడ్డు మలుపుల పుణ్యమా అని మాకు దానికి కరువు రాలేదు. అయితే విరిగిన చోటును వాడకండి. ఒకచోట విరిగిన పట్టీలో కంటికి కనపడని పగుళ్ళు పక్కనే ఇంకొన్ని ఉంటాయి. జానెడు వదిలేసి కోయండి. ఆ జానెడు దగ్గర పొదుపు చేసినవాళ్ళ కత్తులు నేను చాలా చూశాను, రెండేసి ముక్కలుగా.

ఇనుము అరగదీసే పాత ఆకురాయికి అంచు క్షురకుడి కత్తిలా వస్తుంది, దెబ్బ తగిలితే గాజులా పోతుంది. చెక్కే పనికి ఇవ్వండి, నరికే పనికి ఇవ్వకండి. ఇక స్లాబుల్లో వేసే ఊచ. దానితో కత్తి చేసిపెట్టమని ప్రతి సంతకూ ఒకరైనా వస్తారు. అది ఇల్లు నిలబెట్టడానికి పుట్టింది, దాన్ని ఆ పనికే వదిలేయండి.

అనుమానంగా ఉంటే గ్రైండరుకు ఆనించి రవ్వలు చూడండి. కార్బన్ ఎక్కువున్న ఇనుము రవ్వ చివర పువ్వులా చీలుతుంది. మెత్తని ఇనుము రవ్వ గీతలా సాగి ఆరిపోతుంది. కరెంటు లేకపోతే చిన్న ముక్కను ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచి సుత్తితో కొట్టండి. విరిగితే కత్తి అవుతుంది, వంగితే మేకు అవుతుంది. నాలుగేళ్ళ చదువులో నాకు రోజూ పనికొచ్చింది ఈ రెండు వాక్యాలే, అవి కూడా చదువులో లేవు.

సుక్రు

శుక్రవారం పుట్టాడు కాబట్టి సుక్రు. మా షెడ్డులో ముగ్గురు కమ్మరులుండేవారు, వాళ్ళలో పెద్ద చెయ్యి అతనిది. వినయం అనే జబ్బు అతనికి చిన్నప్పుడు కూడా సోకినట్టు లేదు.

"మా తాత సేసిన గొడ్డలి సూపిత్తే సాలు సార్, సెట్టు దానంతటదే పడిపోయేది" అన్నాడు చేరిన మొదటివారంలో. మరి ఆ గొడ్డలి ఏదీ అని అడిగాను. కొట్టడానికి చెట్లు మిగలక తుప్పుపట్టిపోయిందన్నాడు.

షెడ్డుకు రాకముందు సుక్రుకు నాలుగు ఊళ్ళుండేవి. కొండ ఊళ్ళలో పద్ధతి ఇది: కత్తి కావలసినవాడే ఇనుము తెచ్చుకుంటాడు, బొగ్గులు తెచ్చుకుంటాడు, తిత్తి కూడా తనే ఊదుతాడు. కమ్మరి కొట్టిపెడతాడు. పంట చేతికొచ్చాక ఊరంతా కలిసి అతనికి గింజలు ఇస్తుంది. కమ్మరికి జీతం లేదు, ఊరుంది. మేము వెళ్ళి అతనికి నెలజీతం ఇస్తామని చెప్పి ఊరు మాన్పించాం.

అప్పుడు వద్దన్నవాడు ఒక్కడే, సుక్రు బావమరిది మంగ్లు. జీలుగు చెట్లు గీసి కల్లు దించే మనిషి. షెడ్డు చూడ్డానికి వచ్చి, పైకప్పు రేకులు చూసి, పవర్ హ్యామర్ చూసి, నా వైపు కూడా దాదాపు అలాగే చూసి, బావతో అన్నాడు: "జీతమంటే ఇచ్చీవోడు మానేత్తే మానేత్తాది బావా. ఊరు వొదిలేత్తే మల్లీ ఎవుడిత్తాడు?"

సుక్రు నవ్వాడు. నేనూ నవ్వాను. ప్రభుత్వ పథకం ఆగిపోవడమేమిటి అని.

మెరిసే ఇనుము

నా పై అధికారుల్లో చెడ్డవాళ్ళు తక్కువ. తొందరవాళ్ళే ఎక్కువ. మా షెడ్డుకు చివర్లో వచ్చిన పెద్దసారు రెండో రకం. ఆయన వచ్చిన ఏడాది వానలకు, అంతకుముందు మేము ఊళ్ళకు పంచిన కత్తులు చూరు కింద వేలాడుతూ తుప్పుపట్టాయి. ఎవరో వాటి ఫొటో తీసి పైవాళ్ళకు పంపారు. కమాను ఇనుముకు ఒక వారం నూనెచెయ్యి తగలకపోతే తుప్పు వస్తుంది. అది దాని స్వభావం, నేరం కాదు. ఆయనకు మాత్రం గట్టిగానే చీవాట్లు పడ్డాయి.

తర్వాతి నెలలో షెడ్డు ముందు ఒక వ్యాను ఆగింది. దాన్నిండా తళతళలాడే స్టెయిన్‌లెస్ రేకు కోతలు. కింద మైదానంలో గిన్నెలు చేసేచోట మిగిలిన సరుకు. కాఫీ తోటల్లో నీడచెట్ల కొమ్మలు కొట్టడానికి ఊరూరా కత్తులు పంచాలి, అవి దీనితోనే చేయాలి అన్నారు.

స్టెయిన్‌లెస్ అంతా ఒకటి కాదు. కత్తుల స్టీలు వేరు, గిన్నెల స్టీలు వేరు. కత్తులదైతే కాల్చి ముంచినప్పుడు గట్టిపడుతుంది. గిన్నెలది ఎన్నిసార్లు ముంచినా శుభ్రపడుతుంది, అంతే. తేడా తెలుసుకోవడానికి అయస్కాంతం ఆనించండి. కత్తుల స్టీలుకు గట్టిగా పట్టుకుంటుంది. గిన్నెల స్టీలుకు పట్టదు, ఎక్కడైనా వంపు దగ్గర కొంచెం పట్టినా దాన్ని లెక్కచేయకండి. నేను ఆయన ముందే ఆనించి చూపించాను. అయస్కాంతం జారి కింద పడింది.

"అంటుకోకపోతే మంచిదే కదా" అన్నారు పెద్దసారు.

ఇది పదును నిలుపుకోదని చెప్పాను.

"తుప్పు పడుతుందా?"

"పట్టదు సార్."

"పదును మనవాళ్ళు పెట్టుకుంటారులెండి."

సుక్రు ఒక రేకు తీసి దాగలి మీద చల్లగానే నాలుగు దెబ్బలు కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, కింద పడేశాడు. "ఇది ఇనుం కాదు సార్. అన్నం తినీ సరుకు" అన్నాడు. ఆ మాట కూడా పైకి చెప్పాను, కొంచెం మర్యాద కలిపి.

పెద్దసారులో ఒక మంచి గుణం ఉండేది. చేసినవాడికి గుర్తింపు రావాలనేవారు. అందుకని ప్రతి కత్తి మీదా చేసిన కమ్మరి పేరు ఉక్కు అచ్చు అక్షరాలతో కొట్టించారు. అంతవరకు మా కత్తుల మీద ఏ పేరూ ఉండేది కాదు. ఆ ఏడాది, సరిగ్గా ఆ ఏడాదే, సుక్రు పేరు ఊరూరికీ వెళ్ళింది.

తోటలో నీడకు పెంచే సిల్వరోక్ చెట్టు మొదటి కొమ్మకే అంచు తమలపాకులా ముడుచుకుపోయింది. సానపట్టారు, రెండో కొమ్మకు మళ్ళీ ముడుచుకుంది. నేను తర్వాత ఊళ్ళలో తిరిగినప్పుడు ఆ కత్తులు చాలా పనులు చేస్తూ కనపడ్డాయి. ఒకచోట అంబలి కలుపుతున్నారు. ఒక ఇంట్లో గోడకు దిగ్గొట్టి, ముందు నిలబడి తల దువ్వుకుంటున్నారు. తుప్పు మాత్రం ఎక్కడా పట్టలేదు. ఆ విషయంలో పెద్దసారు మాట నూటికి నూరుపాళ్ళూ నిజమైంది.

షెడ్డు మూశాక

పెద్దసారుకు బదిలీ అయింది. తర్వాత వచ్చినవారికి తేనె మీద ఆసక్తి. షెడ్డు మూసేశారు. నన్ను పాచిపెంట వైపు ఇంకో పనికి పంపారు, ఆ పని ఏమిటో నాకు చివరిదాకా స్పష్టంగా తెలియలేదు. మిగతా ఇద్దరు కమ్మరులూ విజయనగరంలో గ్రిల్లుల షాపుల్లో చేరారు. సుక్రు ఇంటికి వెళ్ళాడు.

ఊరు అతన్ని ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేదని తర్వాత అతనే చెప్పాడు. తిడితే తిరిగి తిట్టొచ్చు. వీళ్ళు తిట్టలేదు, పని తేలేదు. ఎదురుపడితే పలకరించారు, కల్లు పోశారు, పెళ్ళిళ్ళకు పిలిచారు. కొడవళ్ళు మాత్రం కొండవతలి కమ్మరికి పట్టుకెళ్ళారు. సుక్రు చేతి పనితనం పోయిందని అందరికీ ఖాయంగా తెలుసు. పేరు చెక్కిన సాక్ష్యం ప్రతి ఇంట్లోనూ ఉంది.

ఆ సాక్ష్యం గురించి మాట్లాడింది మంగ్లు ఒక్కడే, అదీ బావమరిది హక్కుతో. "బావా, నీ పేరు బాగా తెగుతన్నాది, కత్తే తెగట్నేదు" అనేవాడట.

సుక్రు ఏడాదిపాటు కాఫీ తోటల్లో కూలికి వెళ్ళాడు. ఇంకో పంట దాకా ఇలాగే ఉంటే ఆ ఊళ్ళు పూర్తిగా అవతలి కమ్మరివైపోతాయి. నూనెగింజల పంట ఒలిసె కోతలైపోయిన రోజుల్లో మంగ్లు నాకు ఫోన్ చేశాడు. ఊళ్ళో మాట్లాడి ఒక ఏర్పాటు చేశాడట: ఈ ఏడాది మొదటిపని సుక్రుకే ఇవ్వాలి, అందరి ముందూ చేయాలి. కత్తి బాగుంటే ఊరు అతనిది. లేకపోతే మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు.

"నువ్వు రా సార్" అన్నాడు. "నువ్వే కదా ఊరు మానిపించినావు."

వెళ్ళాను.

మొదటి పని

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. కమ్మరి ఏడాది పొడుగునా ఎవరి ఇనుముకైనా వంక పెట్టొచ్చు, తిట్టొచ్చు, బయటికి విసిరేయొచ్చు. అది ఊరి కమ్మరికి ఉండే హక్కు. బయటి కమ్మరి నోరు మూసుకుని ఇచ్చినదానితో చేస్తాడు. అయితే ఏడాది మొదటిపనికి తెచ్చిన ఇనుముకు మాత్రం ఊరి కమ్మరి కూడా వంక పెట్టకూడదు. ఏది తెస్తే దానితోనే చేయాలి.

మొదటిపని మంగ్లు కత్తి. జీలుగు గెలను పొద్దుటా సాయంత్రం కాగితమంత పల్చగా కోయాలి. అంచు మొద్దుగా ఉంటే గెల నలుగుతుంది, కల్లు ఆగిపోతుంది, ఆ గెల ఇక అంతే. మంగ్లు ఇంట్లో వేసవి గడిచేది ఆ చెట్ల మీదే. కాబట్టి అతను బావకు సాయం చేద్దామని, సంతంతా వెతికి, అన్నిటికంటే గట్టి ఇనుము కొనుక్కొచ్చాడు. సంచీలోంచి తీసి నా చేతిలో పెట్టాడు.

లారీ బేరింగు రింగు.

మంగ్లుకు ఆ రోజు చెప్పలేదు గాని, అంతకంటే మొండి ఇనుము ఆ సంతలో దొరికి ఉండదు. బేరింగు ఉక్కు మంచిది. చాలా మంచిది. మంచి అల్లుడి లాంటిది, ప్రతిదానికీ అలుగుతుంది. ఎక్కువ కాలిస్తే పిండిలా రాలుతుంది. చల్లబడ్డాక కొడితే పగులుతుంది. నీళ్ళలో ముంచితే టిక్కుమని ఒక చప్పుడు చేస్తుంది, ఆ తర్వాత దానితో మాట్లాడటానికేమీ ఉండదు. పైగా తళతళా మెరుస్తోంది. చుట్టూ చేరినవాళ్ళు దాన్ని చూసి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. మెరిసే ఇనుము వాళ్ళకు ఇదివరకే పరిచయం.

వంక పెట్టకూడదు కాబట్టి సుక్రు రింగును అటూ ఇటూ తిప్పి పక్కన పెట్టాడు. నేను అతని పక్కన కూర్చుని తెలిసింది చెప్పాను. కమానులా పసుపురంగు దాకా పోనివ్వొద్దు, నారింజ పండు రంగు దగ్గర ఆపాలి. ఎరుపు నల్లబడకముందే మళ్ళీ పొయ్యిలో పెట్టాలి. రూపం వచ్చాక బూడిదలో కప్పి నెమ్మదిగా చల్లారనివ్వాలి. చివర్న నీళ్ళలో ముంచకూడదు.

"నీల్లలో ముంచకపోతే దేన్లో ముంచుతాను సార్? గాల్లోనా?"

"నూనెలో."

అది విన్న గుర్బారి ముందుకొచ్చింది. ఆ ఊళ్ళో అందరికంటే పెద్దావిడ, ఏ పంచాయితీలోనూ సభ్యురాలు కాదు, ఆమె ఒప్పుకోకుండా ఏ పంచాయితీ తెమలదు. "నూనెలో ముంచితే దాన్ని వంట అంతారు" అంది. "కత్తి అనరు."

ఆమె కోపానికి అర్థముంది. ఆ ఊళ్ళలో కత్తి పుట్టేది చప్పుడుతో. ఎర్రటి అంచు నీళ్ళలో దిగి బుస్సుమన్నప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపుతారు. సుక్రు తాత, తండ్రి, అందరూ ఆ చప్పుడుకే గింజలు తిన్నారు. ఈ ఒక్కరోజు అది లేకుండా చేయమంటున్నాను నేను. గిన్నెల స్టీలు రోజున కూడా పక్కనే ఉన్న నేను.

సుక్రు నావైపు చూశాడు. "మీరు సేసేరా ఎప్పుడైనా, నూనెలో?"

"రెండుసార్లు చేయించాను. ఒకటి పగిలింది."

"రెండోది?"

"పగల్లేదు."

"అంటే సగం సగం."

"నీళ్ళయితే ఆ సగం కూడా లేదు."

సుక్రు లేచి రింగు అందుకున్నాడు. మంగ్లును తిత్తి దగ్గర కూర్చోమన్నాడు.

పని గురించి ఎక్కువ చెప్పను. రింగును కోసి, తెరిచి, సాపు చేయడానికే మధ్యాహ్నమైంది. సుక్రు ఆ రోజు గొప్పలు చెప్పలేదు, అది చూసే నాకు భయమేసింది. మంగ్లు ఉత్సాహం కొద్దీ తిత్తి గట్టిగా ఊదితే, "బేగి వొద్దు, ఇది నీ సెట్టు కాదు" అని ఒక్కమాట అన్నాడు. రూపం వచ్చింది, బూడిదలో చల్లారింది, మళ్ళీ పొయ్యిలోకి వెళ్ళింది. సుక్రు భార్య, అంటే మంగ్లు అక్క, ఇంట్లోంచి ఒలిసె నూనె గిన్నె తెచ్చి పొయ్యి పక్కన పెట్టింది. ఏడాదికని గానుగాడించి దాచుకున్న నూనె. "కత్తి అవకపోతే ఇందల తాలింపు నువ్వే ఎట్టుకో" అని చెప్పి, లోపలికి వెళ్ళకుండా అక్కడే నిలబడింది.

సుక్రు కత్తిని పొయ్యిలోంచి తీశాడు. పక్కనే నీళ్ళ తొట్టి ఉంది. చెయ్యి పుట్టినప్పటినుంచీ అటే వెళ్ళడం అలవాటు. ఒక క్షణం అటే వెళ్ళింది కూడా. తర్వాత ఇటు తిరిగి నూనెలో దించాడు.

గుబ్ అని చిన్న చప్పుడైంది. పొగ లేచింది. ఊరంతా గారెలు వేసినట్టు వాసన వచ్చింది.

"ఏటి, అయిపోనాదా?" అన్నారెవరో వెనకనుంచి.

అంతే, అయిపోయింది. పగుళ్ళున్నాయేమోనని సుక్రు వేలితో తడిమాడు, నేను కళ్ళజోడు తుడుచుకుని చూశాను. కనపడలేదు. అంచును రాయి మీద తెల్లగా రుద్ది, పెళుసు తగ్గడానికి కాలిన ఇనుపపలక మీద పెట్టి, ఎండుగడ్డి రంగు వచ్చేవరకూ ఉంచి తీశాడు. పదును పెట్టి మంగ్లుకు ఇచ్చాడు. మంగ్లు దాన్ని ముంజేతి మీద ఒకసారి లాగి, రాలిన వెంట్రుకలు ఊదుకుని, నేరుగా చెట్టు దగ్గరికి నడిచాడు. అతని మాటల కోసం ఎదురుచూడ్డం నాకు అదే మొదటిసారి.

వెదురు నిచ్చెన ఎక్కి గెల దగ్గర ఆగాడు. కిందికి ఒక పలుచని ముక్క గాలిలో తిరుగుతూ వచ్చి పడింది. గుర్బారి దాన్ని తీసి ఎండకు ఎత్తి పట్టుకుంది. అంచు ఎక్కడా నలగలేదు. ఆమె వెనక నిలబడి నేను కూడా చూశాను.

"రేపు సూద్దాం" అంది.

ఎవరి ఇళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. సుక్రు భార్య నూనె వడకట్టుకుంది.

ఆ తర్వాత

కల్లు ఆగలేదని మంగ్లు ఫోన్‌లో చెప్పాడు. కత్తి ఇంకా సానరాయి అడగలేదన్నాడు. బావ గురించి మాత్రం ఒక్క మంచిమాటా చెప్పలేదు, బావమరిది కదా.

ఇక్కడ ఆపేస్తే మీకు ధైర్యంగా ఉంటుంది గాని, నిజం అది కాదు. నాలుగు ఊళ్ళలో తిరిగి వచ్చింది ఆ ఒక్క ఊరే. మిగతావాటికి సంతలో దొరికే కత్తులు అలవాటైపోయాయి. సుక్రు ఇప్పటికీ ఏడాదిలో కొన్నాళ్ళు కాఫీ తోటల్లో కూలికి వెళ్తాడు. మీరు రేపు ఏదో ఒక షెడ్డులో కూర్చుని, ఒక కమ్మరిని నెలజీతానికి రమ్మని పిలిచేటప్పుడు, అతనికి ఎన్ని ఊళ్ళున్నాయో ముందు అడగండి. మీ పథకం ఎన్నాళ్ళుంటుందో మీకు తెలిస్తే అది కూడా చెప్పండి. తెలియకపోతే, తెలియదని చెప్పండి. నాకు తెలిసిన లోహశాస్త్రంలో ఇదే కష్టమైన భాగం.

అదే ఏడాది, రిటైరయ్యేముందు చివరిసారి ఆ ఊరు వెళ్ళాను. సుక్రు కొలిమి దగ్గర కూర్చుని ఉన్నాను. గుర్బారి వచ్చింది, చేతిలో తారుడబ్బా మూత. దానితో ఆకుకూర కోసే కత్తి కావాలంది. సుక్రు దాన్ని తీసుకుని, ఒకసారి వంచి చూసి, గుమ్మం అవతలికి విసిరేశాడు.

"ఇది రేకు పెద్దమ్మా. పట్టుకుపో."

నేను కాస్త వెనక్కి జరిగాను.

"పోయినేడు అవతలి కమ్మరి ఇలాటి దాంతోనే సేసిచ్చేడు" అంది గుర్బారి.

"అందుకే ఈయేడు మల్లీ వొచ్చినావు."

ఆమె సుక్రును తిట్టింది. సుక్రు తండ్రిని తిట్టింది. చెట్లు వాటంతటవే పడిపోయేలా గొడ్డళ్ళు చేసిన తాతను కూడా వదల్లేదు. వంగి మూత ఏరుకుని, తిట్టుకుంటూనే ఇంటికి వెళ్ళి, విరిగిన కొడవలి ముక్క ఒకటి పట్టుకొచ్చింది. సుక్రు దానికీ ఏదో వంక పెట్టాడు. పెడుతూనే పొయ్యిలో పెట్టాడు.